చేతులు కట్టుకుని నిలబడే చదువు

డాలస్ చుట్టుపక్కల మన వాళ్ళ పుట్టినరోజు విందులకు వెళ్ళినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండే. "ఇప్పుడేం చేస్తున్నారు?" అన్నది మొదటిది. నా జవాబు విని కాసేపు ఆలోచించి, "అంటే ఫిజియోథెరపీయా?" అన్నది రెండోది. కాదండీ, ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సు అంటాను. ఇక మూడో ప్రశ్న రాదు. పాపం అన్నట్టు ఒక చూపు చూసి, ఫలానా వాళ్ళ కోడలు కొన్ని నెలల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని ఉద్యోగంలో చేరిన వైనం చెప్పడం మొదలుపెడతారు. పలావు ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడి పూర్తిగా వివరించే వీలు ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి లేపి, కాళ్ళలో బలం తెప్పించి, బాత్‌రూము దాకా నడిపించేది ఫిజికల్ థెరపీ వాళ్ళు. లోపలికి వెళ్ళాక దుస్తులు దించుకోవడం, కూర్చోవడం, కడుక్కోవడం, లేవడం, పళ్ళు తోముకోవడం, తల దువ్వుకోవడం మా పద్దు. వంట, మందుల డబ్బా సర్దుకోవడం, చెక్కు రాయడం, పిల్లలైతే పెన్సిలు పట్టుకోవడం, కత్తెరతో కాగితం కోయడం కూడా మావే. ఇందులో రెండు అంచెలు ఉన్నాయి. రోగిని పరీక్షించి, ఏం సాధించాలో, ఎలా సాధించాలో పథకం రాసేది థెరపిస్టు. ఆవిడ పర్యవేక్షణలో ఆ పథకాన్ని రోజూ రోగితో కలిసి నడిపేది అసిస్టెంటు. ఇక్కడ థెరపిస్టు కావాలంటే కనీసం మాస్టర్స్ చదవాలి. అసిస్టెంటుకు రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ సరిపోతుంది. ఆ రెండేళ్ళకు ముందు అనాటమీ, సైకాలజీ, ఇంగ్లీషు వ్యాసరచన లాంటివి విడిగా పూర్తిచేసి రావాలన్న సంగతి మాత్రం కాలేజీ కరపత్రాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నేను విజయవాడలో బీకాం చదివి ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పద్దులు రాసినదాన్ని. డిపెండెంట్ వీసా మీద వచ్చి, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇల్లూ పిల్లలూ చూసుకున్నదాన్ని. ఈ వైపు తిరగడానికి కారణం మా అత్తగారి మణికట్టు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టినప్పుడు ఆవిడ మా వాకిట్లో జారి చేయి విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక క్లినిక్కుకి తీసుకెళితే అక్కడి అసిస్టెంటు మొట్టమొదట అడిగింది నొప్పి గురించి కాదు. "ఇంట్లో మీకు ఏ పని చేసుకోలేక కష్టంగా ఉంది?" అని. అత్తగారు ఏమాత్రం తడుముకోకుండా "జడ వేసుకోలేకపోతున్నాను" అన్నారు. నేను తర్జుమా చేశాను. ఆ అమ్మాయి వెంటనే తన జుట్టు విప్పి, జడ ఎలా అల్లుతారో చూపించమంది. మణికట్టు ఎక్కడ తిరగాలో, మోచేయి ఎంత ఎత్తాలో, ఏ వేలు ఏ పాయను పట్టాలో అక్కడికక్కడ గమనించి రాసుకుంది. జడ వేసుకోవడాన్ని ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం నేను అంతకు ముందు ఎరగను.

కాలేజీలో చేరాక తెలిసింది, ఆ అమ్మాయి చేసినదానికి ఒక పద్ధతి ఉందని. దాన్ని యాక్టివిటీ అనాలిసిస్ అంటారు. ఏదో ఒక పని తీసుకుని, దాన్ని అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగుకు ఏ కీలు, ఏ కండరం, ఎంత చూపు, ఎంత జ్ఞాపకం, ఎంత ఓర్పు కావాలో రాయాలి. క్లాసులో చాలామంది పీనట్ బటర్ శాండ్‌విచ్ ఎంచుకున్నారు. నేను చేత్తో పప్పన్నం తినడం ఎంచుకున్నాను. సులువని కాదు, అది నాకు బాగా తెలుసనుకుని.

రాస్తూ ఉంటే అది ఎంత పనో తెలిసింది. అన్నం వేడి చేతికి పడుతుందో లేదో ముందు వేలి కొసలు చెప్పాలి. కలిపేటప్పుడు వేళ్ళు వంగుతూ, బొటనవేలు వాటికి ఎదురుగా రావాలి. అలా తెచ్చే కండరం పేరు ఆపోనెన్స్ పోలిసిస్, దాన్ని నడిపేది మీడియన్ నరం. పప్పన్నానికి పెట్టే ఒత్తిడి వేరు, పెరుగన్నానికి వేరు. ముద్ద జారిపోకుండా వేళ్ళను దోసిలిలా చేసి, మోచేయి వంచి, అరచేయి పైకి తిప్పుతూ నోటి దాకా తేవాలి. అక్కడ ముద్దను లోపలికి నెట్టేది బొటనవేలి గోరు వైపు. అంటే వంగిన బొటనవేలు చాచుకోవాలి, ఆ పని రేడియల్ నరానిది. కలిపేది ఒక నరం, నెట్టేది ఇంకో నరం! ఇన్నేళ్ళుగా రెండు పూటలా చేస్తున్న పని ఇది. మా లెక్చరర్ ఆ కాగితాలు తిరిగిస్తూ, చేతి గాయాల రోగులకు చెంచా పిడి లావు చేసివ్వడం గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నానని, చెంచానే లేని భోజనం గురించి ఒక్కసారీ ఆలోచించలేదని అన్నది. మార్కులు కూడా బాగానే వేసింది.

మిగతా చదువంతా ఇంత రుచిగా ఉండదు. ప్రతి కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో, ఏ నరం అందుతుందో బట్టీ పట్టాలి. కీళ్ళు ఎన్ని డిగ్రీలు వంగుతాయో గోనియోమీటర్‌తో కొలవాలి. మా ఆయన క్రికెట్ చూస్తూ కూర్చుంటే ఆయన భుజం, మోచేయి ఎన్నిసార్లు కొలిచానో లెక్కలేదు. వికెట్ పడినప్పుడు భుజం నూట ఎనభై డిగ్రీలూ లేస్తుందని రూఢి అయింది. ప్రాక్టికల్ పరీక్షల్లో వీల్‌చైర్ బ్రేకులు వేయకుండా రోగిని లేపితే మిగతాదంతా ఎంత బాగా చేసినా ఫెయిలే. నా పక్కన కూర్చునే పిల్లలకు పంతొమ్మిదేళ్ళు. ఇంకో పక్క సైన్యం నుంచి రిటైరైన ఒకాయన. నడుముకు బెల్టు కట్టి ఆయన్ని కుర్చీలోంచి మంచం మీదకు మార్చడం నాకు పరీక్ష. ఆయన ఆరడుగులు, నేను అయిదుకు కొంచెం అటూ ఇటూ. బలంతో అయ్యే పని కాదది. మన మోకాళ్ళు వంచి, దగ్గరగా నిలబడి, ఆయన ముక్కు ఆయన కాలి వేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగనిస్తే బరువు దానంతటదే లేస్తుంది.

ఈ వృత్తి చరిత్ర ఒక పాఠంగా ఉంది. అందులో నాకు నచ్చిన మనిషి జార్జ్ బార్టన్. ఆయన వైద్యుడు కాదు, భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. క్షయ, కాలి శస్త్రచికిత్స, ఆపై ఎడమ పక్క చచ్చుబడటం, అన్నీ తన ఒంటి మీదే చూసినవాడు. చేతిపనులతో కోలుకుని, 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో తన ఇంటికి కొద్దిమందిని పిలిచి ఈ వృత్తికి మొదటి సంఘం పెట్టాడు. మా అసిస్టెంట్లకు గుర్తింపు వచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా, 1950ల చివర. మన దేశంలో ఈ విద్యను 1950లో బొంబాయిలో మొదలుపెట్టింది కమలా నింబ్కర్. పుట్టుకతో అమెరికన్, పెళ్ళితో భారతీయురాలు. ఈ సంగతి చెబితే క్లాసులో ఎవరూ పట్టించుకోలేదు, నేను మాత్రం సంతోషపడ్డాను.

అసలు చదువు ఫీల్డ్‌వర్క్‌లో ఉంది. అసిస్టెంట్లకు చివర్లో కనీసం పదహారు వారాలు, పూర్తి సమయం, బయట పనిచేయాలి. చాలాచోట్ల జీతం ఇవ్వరు. పైగా ఆ నెలలకు కాలేజీ ఫీజు మనమే కట్టాలి. ఇది న్యాయమని నాకు ఏ కోశానా అనిపించలేదు. ఇల్లు గడపాల్సిన ఒంటరి తల్లులు మా క్లాసులో ఇద్దరు మానేసింది చదువు కష్టమై కాదు, ఈ నెలలు గడిచే దారి లేక.

మొదటి ఎనిమిది వారాలు పిల్లల క్లినిక్. ఊయలలు, రంగు బంతులు, కత్తెరలు, ఏడుపులు. ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మన తెలుగు పిల్లలు అక్కడికి వస్తే, సొంతంగా తింటాడా అన్న ప్రశ్న దగ్గర తల్లులు నా వంక చూసి నవ్వేవారు. అయిదేళ్ళ వాడికి అమ్మ కలిపి నోట్లో పెడుతుంది, వాడు ఫోను చూస్తూ మింగుతాడు. వాడి వేళ్ళలో లోపమేమీ లేదు, వాడికి అవకాశం రాలేదంతే. ముద్ద ప్రేమతోనే పెడతారు, కాదనను. కానీ గిన్నె వాడి ముందు పెట్టి, బట్టలు పాడైనా సరేనని ఊరుకున్న తల్లుల పిల్లలకు గుండీలు కూడా తొందరగా వచ్చాయి.

రెండో చోటు నర్సింగ్ హోమ్. ఆసుపత్రి నుంచి వచ్చి, ఇంటికి వెళ్ళే బలం రానివాళ్ళు కొన్ని వారాలు ఉండే చోటు. రోగుల సంగతులు బయట పెట్టకూడదని ఇక్కడ గట్టి చట్టం ఉంది, అందుకని మనుషులు పోల్చుకునే వివరాలు మార్చే రాస్తున్నాను.

అక్కడ నాకు అప్పజెప్పిన మొదటి మనిషి పశువుల పెంపకంలో జీవితమంతా గడిపిన ముసలాయన. మెదడు కుడి పక్క దెబ్బతిని ఎడమ చేయి, కాలు పట్టు తప్పాయి. ఎడమ పక్క ఒక లోకం ఉందన్న స్పృహే ఆయనకు సరిగా లేదు. పళ్ళెంలో కుడి సగం తిని, ఎడమ సగం అలాగే వదిలేసి, తక్కువ పెట్టారని వంటవాళ్ళ మీద కోప్పడేవాడు. పళ్ళెం ఎడమ అంచున ఎర్ర టేపు అతికించి, ప్రతి ముద్దకూ ముందు ఆ ఎరుపు కనబడేదాకా తల తిప్పమనాలి. అది కొంచెం కొంచెంగా పనిచేసింది.

చొక్కా దగ్గర నా పరీక్ష మొదలైంది. గుండీల బదులు ముత్యాల్లాంటి నొక్కుడు బొత్తాలుండే టెక్సాస్ చొక్కా తప్ప ఆయన ఇంకోటి వేసుకోడు. పద్ధతి ఏమిటంటే, పట్టు లేని చేయి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేయి ముందు తీయాలి. చొక్కాను ఒళ్ళో పరుచుకుని, కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి చొక్కా చేతిలోకి దించుకుని, మోచేయి దాటించి భుజం దాకా లాగి, కాలరు పట్టుకుని మెడ వెనక నుంచి తిప్పి, అప్పుడు కుడి చేయి దూర్చాలి. ఆయన ఎడమ చేయి మోచేతి దగ్గర ఇరుక్కుంది. బట్ట ముడుచుకుంది. లాగాడు, రాలేదు. మళ్ళీ లాగాడు. నా చేయి దానంతటదే ముందుకు పోయింది. నాకు పని నేర్పే ఆవిడ కళ్ళతోనే వద్దంది. సాయం చేయాలనిపించినప్పుడల్లా లోపల పది లెక్కపెట్టమని ఆవిడ సూత్రం. ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఆయన ఆగి, ముడత పడ్డచోట వేలు పెట్టి తడిమి, బట్టను వేళ్ళతో కొంచెం కొంచెంగా పోగుచేసి పైకి జరిపాడు. చొక్కా మోచేయి దాటింది. బొత్తాలు ఒంటి చేత్తో, రొమ్ముకు ఆనించి నొక్కుతూ, టక టకమని తనే పెట్టుకున్నాడు.

పెద్దవాళ్ళకు మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకపోతే తప్పని పెంచిన ఇంట్లోంచి వచ్చాను నేను. మా ఊళ్ళో పక్షవాతం వచ్చిన తాతలకు కోడళ్ళు నోట్లో పెట్టడం, కొడుకులు ఎత్తుకుని తిప్పడం చూసి, ఎంత అదృష్టవంతుడో అని ఊరంతా మెచ్చుకునేది. కానీ వాడని చేతిని మెదడు మెల్లమెల్లగా లెక్కలోంచి తీసేస్తుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట కోతుల్లో గమనించి, ఆపై బాగున్న చేతికి తొడుగు వేసి, బలం లేని చేతి చేత గంటల తరబడి పని చేయించే పద్ధతి తయారుచేశాడు. అందరికీ అది పనికిరాదు, చేతిలో కొంత కదలిక మిగిలి ఉండాలి. ఆ పాఠం చదివిన రాత్రి నాకు ఆ కోడళ్ళంతా గుర్తొచ్చారు. వాళ్ళు చేసినది సేవ కాదని అనను. అయితే ఎంత చేయాలి, ఎక్కడ ఆపాలి అని వాళ్ళకు చెప్పే మనిషి ఒక్కరూ ఆ చుట్టుపక్కల లేకపోయారు.

ఆ కొలతే నా ఉద్యోగం. పనిలో ముప్పాతిక లేదా అంతకు మించి రోగి చేస్తే కనీస సాయం. సగానికి పైన, ముప్పాతికకు లోపు అయితే మధ్యస్థం. సగం కన్నా తక్కువ, పావుకు తగ్గకుండా చేస్తే అధికం. మాటతో గుర్తుచేశామా, వేలితో చూపించామా, చేయి పట్టి నడిపించామా అన్నది కూడా రాయాలి. "చొక్కా వేసుకున్నాడు, బాగా సహకరించాడు" అని రాస్తే ఆ కాగితం చెత్తబుట్టకే. శిక్షణ ఉన్న మనిషి అక్కడ ఎందుకు అవసరమైందో కనబడకపోతే బీమా డబ్బు ఇవ్వదు. ఆడిటర్ గారి దగ్గర పద్దులు రాసిన అనుభవం ఇక్కడ నాకు అక్కరకొచ్చింది. ఆ డబ్బు సంగతిలో మా వాళ్ళకు ఒక గుర్రు కూడా ఉంది. పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్, 2022 జనవరి నుంచి దాని పార్ట్ బీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి చెల్లించే భాగం) కింద అసిస్టెంటు చేసిన చికిత్సకు మామూలు రేటులో 85 శాతమే చెల్లిస్తోంది. చొక్కా అదే, చేయి అదే. రేటు మాత్రం పదిహేను శాతం తక్కువ.

ఇక అదే నర్సింగ్ హోమ్‌కి వచ్చిన ఒక తెలుగు పెద్దమ్మగారి సంగతి. జారిపడి తుంటి విరిగి, వెనక వైపు నుంచి ఆపరేషన్ చేసి కృత్రిమ కీలు వేశారు. అలాంటివాళ్ళు కొన్ని వారాలు నడుము దగ్గర తొంభై డిగ్రీలు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. తప్పితే కీలు జారిపోవచ్చు. వైద్య విషయాలకు ఫోనులో దుబాసీ ఉన్నా, తెలుగు వినబడేసరికి ఆవిడ నన్ను వదల్లేదు. పథకంలో "నడుము కింది దుస్తులు తనంతట తాను వేసుకోవాలి" అని ఉంది. సాధనాలు ఏమిటంటే ప్యాంటు, మేజోళ్ళు, మేజోళ్ళు తొడిగే ప్లాస్టిక్ తొట్టి. ఆవిడ ఆ తొట్టిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాకెందుకమ్మాయ్? పుట్టి బుద్ధెరిగాక మేజోడు వేసుకోలేదు" అంది.

"మరి ఇంట్లో ఏం కట్టుకుంటారు పెద్దమ్మగారూ?"

"చీర కాక?"

పథకం మార్చే అధికారం అసిస్టెంటుకు లేదు, విద్యార్థికి అసలే లేదు. వెళ్ళి థెరపిస్టుకు చెప్పాను. ఆవిడ వచ్చి, కూర్చుని, చీర కట్టడం మొదటి నుంచి చివరి దాకా నా చేత వివరింపజేసి, గమ్యం తిరగరాసింది: వాకర్ సాయంతో, కొంత కూర్చుని కొంత నిలబడి, తనంతట తాను చీర కట్టుకోవాలి. వెనక మంచం, ముందు వాకర్. లంగా కాళ్ళలోంచి ఎలా ఎక్కించాలా అని నేను పొడవు కర్ర పట్టుకుని ఆలోచిస్తుంటే, పెద్దమ్మగారు దాన్ని తల మీంచి వేసేసుకున్నారు. వంగే పనే లేదు. కుచ్చిళ్ళకు రెండు చేతులూ కావాలి, అంటే వాకర్ వదిలి నిలబడాలి, అదింకా ప్రమాదం. అందుకని కూర్చునే కుచ్చిళ్ళు పోసి, బట్టల క్లిప్పు పెట్టి, లేచి నిలబడి ఒంటి చేత్తో దోపుకోవడం. అంచు చీలమండకు పైనే ఉండాలి, లేకపోతే వాకర్ చక్రం తొక్కుతుంది. పైటకు పిన్ను ఆవిడే పెట్టుకున్నారు. మొదటిసారి అంతా అయ్యాక ఆయాసంతో కూర్చుండిపోయి, "ఇహ చాలు, ఈ పూటకు పెళ్ళికి పోతున్నానా" అన్నారు. మర్నాడు చీర మార్చమని ఆవిడే అడిగారు.

నా ఫీల్డ్‌వర్క్ అయిపోయింది, పట్టా వచ్చింది. ఇప్పుడు ఎన్‌బీసీఓటీ అనే జాతీయ సర్టిఫికేషన్ బోర్డు వాళ్ళ పరీక్షకు చదువుతున్నాను. నాలుగు గంటల పరీక్ష, 300 నుంచి 600 దాకా ఉండే కొలమానంలో 450 రావాలి. ఆ తర్వాత టెక్సాస్ లైసెన్సు, దానికి ఇక్కడి నిబంధనల మీద వేరే పరీక్ష. చేరాలనుకునేవాళ్ళు ఒకటి మాత్రం చూసుకోండి: కాలేజీకి ఏకోట్ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా లేదా. అది లేని చోట చదివితే ఈ పరీక్ష రాయనివ్వరు. హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం పని అనుమతి ఉండాలి. ఇండియాలో ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చేసి వచ్చినవాళ్ళు ఈ కోర్సు జోలికి రానక్కర్లేదు, థెరపిస్టుగానే అర్హత చూపించుకునే దారి వేరే ఉంది.

ఈలోగా ఆ థెరపిస్టు నాకు ఒక పని అప్పజెప్పింది. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు చీర కట్టుకునే పద్ధతిని బొమ్మలతో ఒక పేజీలో రాసిమ్మంది, మన పెద్దవాళ్ళు ఇంకా వస్తారు కదా అని. అన్నీ రాశాను కానీ ఒక్కచోట ఆగిపోయాను. కుచ్చిళ్ళు దోపుకున్నాక కింద పాదాల దగ్గర వాటిని సర్దాలి. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు ముందు కూర్చుని లాగుతారు. ఒక్కరే ఉన్నప్పుడు వంగి లాగుకుంటారు, వీళ్ళు వంగకూడదు. వస్తువులు అందుకునే పొడవు పట్టకారుతో లాగి చూశాం, నూలు చీరకు ఫరవాలేదు, జరీ అంచు పోగు లేచిపోతోంది. మీ అమ్మమ్మలో, మేనత్తలో నడుము వంచకుండా కుచ్చిళ్ళు సర్దుకునే ఉపాయం ఎవరిదైనా మీకు తెలిసుంటే రాయండి. పట్టు చీరకు కూడా పనికొచ్చేదై ఉండాలి, పెద్దమ్మగారు అది ముందే చెప్పారు.